కోర్ట్‌షిప్ పాఠం

చీటీ చూడగానే శ్రీపాదరావు సారుకు అనుమానం వచ్చింది.

దాని మీద ఉన్నది ఒకే ఒక్క ఇంగ్లీషు మాట. కోర్ట్‌షిప్. తెచ్చినవాడికి పాతికేళ్ళ లోపే ఉంటాయి. నున్నగా దువ్విన క్రాపు, ఇస్త్రీ చొక్కా. ఆ చొక్కా మీద అక్కడక్కడా నూలు పోగులు.

"దీనికి అర్థం కావల్ల సార్. యాడినుంచి వచ్చిన మాటో కూడా చెప్పల్ల."

"ముందు నువ్వు యాడినుంచి వచ్చినావో చెప్పప్పా."

"ఎమ్మిగనూరు సార్. మగ్గాలోళ్ళకు నూలు తూచి ఇచ్చే పని. మూడో ఫారం దాకానే చదివినా."

"దీనికోసం ఆదోని దాకా రావల్లనా? ఆడ ఇంగ్లీషు వచ్చినోళ్ళు లేరా?"

"ఉండారు సార్. అడిగితే నవ్వుతారు."

"ఎవరు రాసిచ్చినారు ఇది?"

అతను నేలచూపులు చూశాడు. పేరడిగితే అదీ చెప్పలేదు.

చెప్పకపోయినా సారుకు తెలిసిపోయింది. ఆ గుండ్రటి అక్షరాలు దిద్దించింది తనే. 'పి' తోకను అలా మెలితిప్పి రాసేది ఆదోని మొత్తానికి ఒక్క పద్మాబాయి. వెనక వీధి చక్రపాణి కూతురు. కర్నూలు రాజధాని అయిన ఏడాది ఆయన దగ్గరే చదివి ఎస్సెల్సీ పాసైంది. పోయిన నెల మంత్రాలయంలో పెళ్ళి చేశారు. సరిగ్గా బయల్దేరే రోజే జ్వరం తగిలి, పెళ్ళి విందులో ఓళిగలు పోగొట్టుకున్న దిగులు సారుకు ఇంకా తీరనే లేదు. ఆ పిల్ల పుట్టింటికి వచ్చి పది రోజులైనా కాలేదు. అప్పుడే ముక్కూ మొహం తెలియనివాడి చేతికి ఇలాంటి చీటీ!

పొమ్మని కసురుదామనుకున్నారు. కానీ ముప్పై ఏళ్ళుగా పాఠాలు చెప్పిన నోరు. అర్థం అడిగితే ఊరుకోదు.

"కోర్ట్ అంటే ఈడ రాజు కొలువు. కొలువులో ఉండేవాడు రాజు దయకోసం వంగి నిలబడతాడు. మంచి మాటలు చెప్తాడు, కానుకలు తెస్తాడు. ఆ నడవడికకు పెట్టిన పేరప్పా కోర్ట్‌షిప్. నాలుగువందల ఏండ్ల కిందట ఇంగ్లీషోళ్ళు దాన్ని ఆడపిల్ల వాకిట్లోకి తెచ్చినారు. పిల్లే రాజు. ఆమె ఊఁ అనేదాకా మగవాడు కనిపెట్టుకోని ఉండల్ల."

"తెలుగులో ఏమంటారు సార్?"

సారు తడుముకున్నారు. జాతకాలు చూస్తాం, గోత్రాలు చూస్తాం, ముహూర్తం చూస్తాం. పిల్ల ఊఁ అనేదాకా ఆగిన పెళ్ళి ఒక్కటీ గుర్తు రాలేదు, తన పెళ్ళితో సహా.

"మనకు ఆ పనే లేదు, ఇంక మాటెందుకుంటాది?" అన్నారు చిరాగ్గా.

అతను చీటీని భద్రంగా మడిచి జేబులో పెట్టుకుని, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా సారుకు అన్నం సహించలేదు. చక్రపాణికి చెబితే పిల్లను బతకనివ్వడు. చెప్పకపోతే పచ్చటి కాపురం బుగ్గవుతుంది. పైగా దొంగకు దారి చూపింది తనే. ఆ మాట తలుచుకుంటే తనమీద తనకే రోత పుట్టింది.

మళ్ళీ ఆదివారం, ఎమ్మిగనూరు బస్సు వచ్చే వేళకు వెళ్ళి వెనక వీధిలో కాపు కాశారు.

అతను రానే వచ్చాడు. చక్రపాణి ఇంటికి ఎదురుగా, తల కాస్త వంచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చెప్పిన పాఠం పొల్లుపోకుండా. చేతిలో మల్లెపూల పొట్లం కూడా ఉంది.

మిద్దె మీద పద్మాబాయి బట్టలు ఆరేస్తోంది. ఒకే చీరను నాలుగుసార్లు తీసి నాలుగుసార్లు ఆరేసింది. నవ్వు దాచుకోవడానికి పడుతున్న పాట్లు కిందికి కూడా కనిపిస్తూనే ఉన్నాయి.

సారుకు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి అతని రెక్క పట్టుకున్నారు.

"సిగ్గులేదప్పా నీకు? పెండ్లైన పిల్ల అది."

"తెలుసు సార్."

"తెలిసే వచ్చినావా? దాని కాపురం ఏం కావల్ల?"

"ఆ పిల్లకు ఇష్టమా కాదా అని ఒక్క మాట అడక్కుండానే తాళి కట్టినాడు సార్ ఆ మొగుడు. పీటల మీద తల కూడా ఎత్తలేదు ఆ పిల్ల. అది తప్పు కాదా సార్?"

"తప్పొప్పులు చెప్పేదానికి నువ్వెవరు? పద లోపలికి. ఈ మాట చక్రపాణి ముందర చెప్పు."

వాకిలి దాకా లాక్కుపోయారు. అక్కడ అతను కాళ్ళు బిగబట్టి ఆగిపోయాడు.

"ఏం, ఇప్పుడు భయమైతాందా?"

"భయం కాదు సార్," అన్నాడతను తల గోక్కుంటూ, "ఆషాఢం పోయేదాకా అల్లుడు అత్తగారి గడప తొక్కగూడదు కదా."