కొంగకాలు

కెమెరా అబద్ధం చెప్పదని లోకంలో ఒక నమ్మకం. కోడలికి ఆ నమ్మకం మరీ గట్టిది. ఆమె ముందుగదికి కొత్త రంగు వేయించబోతే, అత్తగారు గోడకు కుర్చీ ఆనించుకుని కూర్చుని, కదలనన్నారు. నిచ్చెన మీది రంగుల మేస్త్రి ఎవరి మాట వినాలో తెలియక, గీకుడు రేకు పట్టుకుని అలాగే ఆగిపోయాడు.

"మీరే చూడండత్తయ్యా. పచ్చ గోడ, గులాబీ కిటికీ. చిలక జాంపండు కొరుకుతున్నట్టు లేదూ? ఇక్కడ నా బట్టలు తగిలించి ఫొటోలు తీస్తే ఎవరైనా కొంటారా?"

కోడలిది కుట్టుపని. ఆమె కుట్టేవన్నీ ఒకే ఒక్క పాత నలుపు తెలుపు సినిమాలోంచి దిగినవే. మెడ దాకా బొత్తాలు, మణికట్టు దాకా చేతులు, బూడిద రంగు నూలు. ఆమె జుట్టుముడి కూడా ఆ సినిమా నాయికదే. ఆ బట్టల ఫొటోలు పంపమని ఒక పెద్ద దుకాణం వాళ్ళు అడిగారు. వాళ్ళకు నచ్చితే ఇక పనికోసం ఎవరి గుమ్మం ఎక్కనక్కర్లేదు. కావలసిందల్లా నాయిక నిలబడే ఆ గది.

"కిటికీ ఎలాగూ అచ్చం సినిమాలోదే. పైన అర్ధచంద్రం, కింద మూడు రెక్కలు. రంగు ఒక్కటే అడ్డం."

"ఆ కాలపు ఇళ్ళన్నిటికీ అవే కిటికీలు," అన్నాడు ఆమె భర్త. అతనికి తూనికలు, కొలతల శాఖలో ఉద్యోగం. రుజువు చూపించందే ఉప్పు ఉప్పగా ఉందని కూడా ఒప్పుకోడు. "అయినా, నలుపు తెలుపు సినిమాలో గోడ ఏ రంగో నీకెలా తెలుసు?"

"కంటికి కనిపిస్తోందిగా! బూడిద రంగు."

ఆ జవాబును తూచకుండానే అతను తల్లివైపు తిరిగాడు.

"అమ్మా, ఈ రంగే ఎందుకుండాలి? ఒక్క కారణం చెప్పు. మేస్త్రిని ఇప్పుడే దింపేస్తాను."

"మీ తాతగారి మాటరా. ఎవరో పెద్దవాళ్ళు వచ్చి, దగ్గరుండి, పెద్ద పెద్ద దీపాలు పెట్టి చూసుకుని, ఏరి ఏరి వేయించిన రంగట. మార్చొద్దనేవారు. నేను కాపురానికి వచ్చేసరికే గోడ ఇలా ఉంది. వెలిసినప్పుడల్లా ఇదే రంగు కలిపించి వేయించాను."

"ఎవరా పెద్దవాళ్ళు?"

"నేనడగలేదు. మామగారి ముందు నిలబడి ఎదురు ప్రశ్నలు వేసే రోజులా అవి?"

"ఏ బాబానో, జోస్యుడో అయ్యుంటాడు," కొడుకు నవ్వాడు. "పెద్దవాళ్ళు చెప్పారన్నది కారణం కాదమ్మా."

అత్తగారు కొడుకును చూశారు. కోడలిని చూశారు. ఆమె కళ్ళలో ఆశ కనిపించింది కాబోలు, మోకాళ్ళ మీద చేతులూని లేచారు.

"సరే, మీతో వాదించడం నాకు చేతకాదు. కుర్చీ పట్టుకోకురా, నేనే జరుపుకుంటాను." రెండడుగులు వేసి ఆగారు. "ఆ బీట మాత్రం పూడ్చకండి."

కుర్చీ జరిగాక బీట బయటపడింది. కిటికీ మూల నుంచి కిందికి దిగి, నడుమ మోకాలిలా వంగి, చివర మూడు వేళ్ళుగా చీలిన సన్నని బీట. దానికి కొంగకాలని పేరు పెట్టింది కొడుకే, మాటలు నేర్చే వయసులో. వాడు తిననని మారాం చేస్తే ఆవిడ ఆ గోడ దగ్గరే కూర్చోబెట్టి, "కొంగ ఎగిరిపోతూ కాలు మరిచిపోయిందిరా. నువ్వు ముద్ద మింగితే వచ్చి తీసుకుపోతుంది," అంటూ తినిపించేవారు.

"బీట మీద రంగు నిలవదండి, అమ్మగారూ," అన్నాడు మేస్త్రి. "లప్పం పెట్టాల్సిందే."

"పెట్టు," అంది కోడలు.

కొడుకు కిటికీలోంచి వీధిలోకి చూశాడు.

సాయంత్రానికి గోడ బూడిద రంగు తేలింది, కిటికీ తెల్లబడింది. కోడలు మెడ దాకా బొత్తాలు పెట్టుకుని కిటికీ పక్కన నిలబడింది. గోడ ఎందుకో కాస్త చచ్చుగా ఉన్నట్టనిపించింది. తడి ఆరితే అదే సర్దుకుంటుందిలే అనుకుంది.

ఆ సాయంత్రమే టీవీలో ఆ సినిమా. గీతలూ మచ్చలూ తుడిచి, మెరుగుపెట్టిన కొత్త ప్రతి. ఇన్నాళ్ళూ ఆమె చూసింది అరిగిపోయిన ప్రతినే. అందులో మనుషుల ముఖాలే మసకమసకగా ఉండేవి, ఇక గోడల సంగతి చెప్పేదేముంది?

"రండత్తయ్యా, సరిపోల్చి మీరే చెప్పండి," అంటూ అత్తగారి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టింది. పాత సినిమా మొదలైతే ఆవిడకు కునుకు మొదలవుతుంది. ఈ సినిమా ఒక్కసారీ చూడలేదు.

తెర మీద నాయిక నెమ్మదిగా కిటికీ దగ్గరికి నడిచింది. గాజులో నుంచి పడిన వెలుతురు ఆమె భుజం మీదుగా గోడమీదికి జారింది. గోడ మెత్తని బూడిద రంగులో ఉంది.

"చూశారా! అదే రంగు!" కోడలు చప్పట్లు కొట్టింది.

అత్తగారు కళ్ళజోడు సవరించుకున్నారు. లేచి వెళ్ళి టీవీ ముందు నిలబడ్డారు.

"అమ్మా, అడ్డం. పక్కకు జరుగు," అన్నాడు కొడుకు.

ఆవిడ జరగలేదు. నాయిక భుజం వెనక, కిటికీ మూల దగ్గర తెరమీద వేలు పెట్టి, నెమ్మదిగా కిందికి గీసుకుంటూ వచ్చి, కొడుకు వైపు తిరిగారు.

"ఒరేయ్, నీ కొంగకాలు."