ఇక్కడ అమ్ములు ఎవరూ లేరు

టికెట్ కౌంటర్ అద్దానికి మొహం ఆనించి ఒక మనిషి లోపలికి చూస్తున్నాడు.

చొక్కా ముందంతా ఏదో మరక. చంకలో గోనెసంచి. అందులోంచి ముగ్గిన పనసపండు వాసన.

చెన్నైలో భూమి కింద ఉన్న మెట్రో స్టేషన్ అది. ఆ చల్లటి గాలిలో వాసన ఎటూ పోవడం లేదు. క్యూలో వాళ్లు ముక్కులు మూసుకున్నారు.

"అమ్మా, తెలుగొచ్చా? అమ్ములని మా యేపు పిల్ల ఈ బూమి కింద రైలు కాడే పని సేత్తందట. ఓపాలి పిలుత్తావా?"

కౌంటర్‌లో ఉన్న యామిని ఉలిక్కిపడింది.

ఇంట్లో ఆమె పేరు అమ్ములు. ఊరు శ్రీకాకుళం జిల్లా కవిటి.

ఆ సంగతి ఇక్కడెవరికీ తెలియదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో శ్రీకాకుళం కూలీలు ఏదో అడిగితే, పక్క కౌంటర్ భవాని ఆ యాసలోనే మాట్లాడి అందరినీ నవ్వించింది. ఆ రోజే యామిని తనది విశాఖపట్నమని చెప్పేసింది.

ఇది నాన్న పనే అనుకుంది. పలాసలో చెన్నై రైలెక్కే మనిషి కనిపిస్తే చాలు, పనసపండో కొబ్బరికాయలో అంటగడతాడు. వద్దంటే వినడు.

"ఇక్కడ అమ్ములు ఎవరూ లేరండి" అంది.

అతను వెళ్లలేదు. గేటు దగ్గర వాళ్లనీ, ఊడ్చేవాళ్లనీ అడిగి, మళ్లీ కౌంటర్ దగ్గరికే వచ్చాడు.

ఏం పని అని భవాని అడిగింది.

అతను తల దించుకున్నాడు. "ఆ పిల్లకే సెప్పాలమ్మా."

"సెప్పాలంట" అంది భవాని.

అందరికంటే గట్టిగా యామిని నవ్వింది. నవ్వుతూనే గార్డును పిలిచి, తాగొచ్చినట్టున్నాడని చెప్పింది.

గార్డు అతని రెక్క పట్టుకుని మెట్ల మీదికి నెట్టాడు. సంచి జారి పనసపండు పగిలింది. ఎవరో ఫోన్‌లో వీడియో తీశారు. అతను మోకాళ్ల మీద కూర్చుని, పరాయి సొమ్ము పోగొట్టినవాడిలా ఒక్కో తొనా ఏరి సంచిలో వేసుకున్నాడు.

డ్యూటీ దిగి లాకర్ తీస్తే ఫోన్ నిండా నాన్న కాల్స్. విసుక్కుంటూ చేసింది. ఎవరో తమిళంలో మాట్లాడారు. దగ్గర్లోని ఆసుపత్రి పేరు చెప్పారు.

అక్కడ స్ట్రెచర్ మీద నాన్న మల్లేశ్వరరావు ఉన్నాడు. మొహం మీదుగా దుప్పటి కప్పేశారు.

నెల్లూరు నుంచి వచ్చిన వార్డుబాయ్ ఒకతను దగ్గరికి వచ్చి తెలుగులో చెప్పాడు. కూతురికి చెప్పకుండా వచ్చి ఆశ్చర్యపరుద్దామని బయల్దేరాడట. చెన్నై చేరబోతుండగా రైల్లోనే గుండెనొప్పి. పక్కన కూర్చున్న, కవిటి వైపు ఉద్దానం జాలరి ఒకతను భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. నాన్న తన చొక్కా మీద వాంతి చేసుకున్నా దించలేదు. ప్రాణం పోయాక, కూతురు ఫోన్ ఎత్తడం లేదని, నాన్న ఆమె కోసం తెచ్చిన సంచి చంకన పెట్టుకుని మెట్రో స్టేషన్లు వెతకడానికి వెళ్లాడు. దొరకలేదని ఇందాకే తిరిగొచ్చాడు.

యామిని తలుపు వైపు తిరిగింది. "ఆయనెక్కడ?"

హార్బర్‌లో వేటకెళ్లే బోటు తప్పిపోతుందని వెళ్లిపోయాడట. పేరు ఎవరూ అడగలేదు. సొంత ఫోన్ లేదు. ఎన్నాళ్లకు ఒడ్డుకొస్తాడో, ఏ ఒడ్డుకొస్తాడో తెలియదు.

"మీ నాన్న ఆఖరి మాట చెప్పుకుంది ఆయన చెవిలోనేనమ్మా" అన్నాడు వార్డుబాయ్.