దొరసాని మొక్కు

“చెప్పులు ఆ బండ మీద ఇడవకు బిడ్డా.”

సోని ఉలిక్కిపడి చూసింది.

చర్చి గోడ పక్కన ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. అద్దాల రవిక, ఎర్ర లంగా, మోచేతుల పైదాకా తెల్లటి గాజులు. తండాల్లో కూడా ఇప్పుడు అంత నిండుగా ఎవరూ కట్టడం లేదు.

ఆమె చూపించిన నల్ల బండ సమాధుల మధ్య నేలకు సమంగా పరిచి ఉంది. దాని నిండా మట్టి చెప్పుల అచ్చులే.

“అందరు ఈడనే ఇడుస్తున్నరు గదా అవ్వా. నీకేంది నొప్పి?” అన్నాడు సోని భర్త రాందాస్. “చెప్పులు కాపలా కాసినందుకు పైసలియ్యాల్నా?”

ముసలమ్మ నవ్వింది. పైసలు అడగలేదు.

ఇద్దరూ చెప్పులు అక్కడే విడిచారు.

సోని భుజం మీద మూడు నెలల పాప ఏడుస్తూనే ఉంది. వారం నుంచి పాలు సరిగ్గా తాగడం లేదు. ఇవాళ పొద్దుటి నుంచి చుక్క కూడా లోపలికి పోలేదు. ఖమ్మం దవాఖానాలో పరీక్షలన్నీ చేసి, రేపటికీ ఇట్లనే ఉంటే తెచ్చి చేర్చమన్నారు.

రాందాస్ తల్లి ద్వాలి మాత్రం ఒకటే మాట పట్టుకుంది. “ఇల్లందు అవతల అడవి చర్చికి పోండ్రి. దొరసాని సమాధి మీద పాలు పొయ్యిండ్రి. కలరా నాడు తల్లుల్లేని పిల్లలకు పాలిచ్చిన తల్లి ఆమె. నిన్ను గూడ గట్లనే బతికిచ్చుకున్న కొడుకా.”

“మన తండా దేవుడు సేవాలాల్ మహరాజ్ ఉండంగ దొరసాని మొక్కేంది మనకు?” అని దారి పొడవునా గొణిగాడు రాందాస్.

సోని పాపను ఇంకో భుజానికి మార్చుకుంది. బిడ్డ తాగితే చాలు. ఏ దేవుడి పుణ్యమో తర్వాత తేల్చుకోవచ్చు.

బొగ్గు గనుల తొలినాళ్లలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన ఒక దొర, తన ఊరి చర్చిలాగే ఈ రాతి చర్చిని కట్టించాడట. ఇప్పుడు పైకప్పు సగం కూలింది. సమాధుల మీద నాచు. చుట్టూ టేకు చెట్లు. మధ్యాహ్నమే అయినా ముసురు పట్టి, చెట్ల కింద చీకటిగా ఉంది.

దొరసాని సమాధి అన్నిటికంటే ఎత్తు. పాలరాతి శిలువ, దాని పక్కన రెక్క విరిగిన దేవదూత.

సోని సీసా మూత తీసి పాలు పోసింది. పాలు రాతి మీద జారి గడ్డిలోకి పోయాయి.

“తల్లీ, నా బిడ్డ పాలు తాగాలె. ఇంకేం వద్దు.”

పాపను సమాధి మీద పడుకోబెట్టింది. ఆ చల్లదనానికి పాప ఇంకా గట్టిగా ఏడ్చి, గుక్క పట్టింది. పెదాలు నల్లబడ్డాయి.

“ఇటియ్యి.”

ముసలమ్మ పక్కనే నిలబడి ఉంది. ఎండుటాకుల మీద నడిచి వచ్చిన అలికిడే లేదు.

“నువ్వు ముట్టకు,” అన్నాడు రాందాస్.

సోని అప్పటికే పాపను అందించేసింది.

ముసలమ్మ వేళ్లు సోని చేతికి తగిలాయి. బావి అడుగు నీళ్లలా చల్లగా ఉన్నాయి.

ఆమె పాపను ముసుగు కింద కప్పుకుని పోయి, నల్ల బండ మీద, చెప్పుల పక్కనే కూర్చుంది. తండా భాషలో లాలి ఎత్తుకుంది. సోని చిన్నప్పుడు నాయనమ్మ దగ్గర విన్న లాలే. కానీ మధ్యలో కొన్ని మాటలు నాయనమ్మకు కూడా తెలియనంత పాతవి.

ఏడుపు ఆగింది.

అడవిలో పిట్టలు కూడా ఆగాయి.

గుటకల చప్పుడు వినిపించింది.

రాందాస్ పరుగున పోయి పాపను లాక్కున్నాడు. పాప నిద్రపోతోంది. పెదవి చివర తెల్లటి పాలచుక్క.

“ఏం పోసినవ్ దీని నోట్లె? పో ఈడికెళ్లి. మల్ల కనవడితే పోలీసులకు చెప్త.”

“కడుపు నిండింది. పండనియ్యి,” అంది ముసలమ్మ. లేచి చర్చి వెనక్కి వెళ్లిపోయింది.

కాసేపటికి బైకు చప్పుడైంది. చర్చిని చూసుకునే షాలేమ్‌రాజు వచ్చాడు.

“ఏందన్నా, గా ముసల్దాన్ని లోపలికెట్ల రానిస్తున్నరు?” అన్నాడు రాందాస్.

“ఏ ముసల్ది తమ్మీ? ఈడ ఎవ్వరుండరు.”

సోని చెప్పింది. అద్దాల రవిక, గాజులు, లాలి.

షాలేమ్‌రాజు హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు. “పాప తాగిందా?” అని మాత్రం అడిగాడు.

అప్పుడే పాప కదిలి నోటితో వెతుక్కుంది. సోని పక్కకు తిరిగి రొమ్ముకు పట్టింది. పాప గట్టిగా అందుకుంది.

సోని కళ్లు తుడుచుకుంది. “ఆమె ఇల్లేడ అన్నా? ఈయన ఉత్తగనే తిట్టిండు. కాళ్లు మొక్కి పోత.”

“పాలు ఏడ పోసినవ్ చెల్లె?”

“దొరసాని మీద.”

“అందరు గట్లనే పోస్తరు. దొరసాని బిడ్డను కన్ననాడే పోయింది. కన్నబిడ్డకే పాలియ్యలే పాపం.”

“మరి కలరా నాడు పాలిచ్చింది ఎవరు?” అన్నాడు రాందాస్.

“దొర బిడ్డకు పాలియ్యనీకి తండా నుంచి తెచ్చిన ఆయా. తర్వాత గనుల కాడి పిల్లలందర్ని సాకింది గామెనే. ఆమె పోతే దొర ఈడనే బొంద పెట్టిచ్చిండు. బాప్తిస్మం లేదని చర్చోళ్లు పేరు చెక్కనియ్యలేదట. దేవుడు గవన్నీ అడుగుతడా? నాకైతే తెల్వది.”

సోని సీసా వంచి చూసింది. చుక్క లేదు.

షాలేమ్‌రాజు వంగి, నల్ల బండ మీద నుంచి వాళ్ల చెప్పులను రెండు చేతులతో తీసి గడ్డిలో పెట్టి, “హేమ్లి అంటరు ఆమెను, నూరేండ్లకెల్లి ఈ బండ కిందనే ఉన్నది,” అన్నాడు.