ఒక పిట్ట తగ్గింది

మ్యూజియం పై అంతస్తులో, పొడవాటి బల్ల మీద రెండు వరసల పిట్టలు. కడుపులో దూది కూరి, కాళ్లకు చీటీలు కట్టి వెల్లకిలా పడుకోబెట్టినవి. నదికి ఇవతలివి ఎర్రమెడవి, అవతలివి పసుపుమెడవి.

పసుపుమెడ పిట్టను కనిపెట్టింది, పేరు పెట్టింది ఇక్కడి మేడమే. ఆవిడ ఇప్పుడు పక్షుల విభాగానికి పెద్ద. ఆ రెండూ ఒక మహాజాతి అని అప్పట్లో రాసింది. అంటే ఒకే తల్లికి పుట్టి, నదికి చెరోపక్క వేరుకాపురాలు పెట్టుకున్న అక్కచెల్లెళ్లలాంటి రెండు జాతులు. పోలికలు కలుస్తాయి, జంటలు కలవవు.

కలుస్తాయంటోంది కొత్తగా చేరిన పరిశోధకురాలు.

"అవతలి పిల్లల్ని తెచ్చి ఇవతలి పళ్లు పెట్టి పెంచాను మేడమ్. మెడలు ఎర్రబడ్డాయి. జంటకట్టాయి, గుడ్లు పెట్టాయి. కూతలో తేడా లేదు, రక్తంలో తేడా లేదు. ఉన్నదల్లా తిండి తేడానే. రెండూ ఒకటే జాతి."

"అయితే ఒక పేరు పోవాలి."

"తర్వాత పెట్టింది పోతుంది మేడమ్. అంటే పసుపుమెడది."

"ఊఁ."

ఆ పరిశోధన కాగితాలు సంతకం కోసం ఆవిడ బల్ల మీద చాలాకాలం నానాయి. వరండాలో గుసగుసలు వినిపిస్తూనే ఉన్నాయి. "తను పట్టిన కుందేటికే మూడు కాళ్లంటారు, ఇక పిట్ట సంగతి చెప్పాలా!"

ఆవిడ ఒక్కో వరసలోంచి ఒక్కో పిట్టను అరచేతిలోకి తీసుకుని మెడ దగ్గర మెల్లగా ఊదింది. ఈకలు విచ్చుకున్నాయి. మొదళ్లు రెండింటికీ ఒకటే బూడిదరంగు. పిట్టలను పెట్టేసి, కాగితాల మీద సంతకం చేసింది.

"నా మీద కోపం లేదు కదా మేడమ్?"

"నిజం చెప్పినందుకు కోపమేంటమ్మా?"

"అసలు పసుపుమెడ పిట్టకు మీరు పెట్టిన పేరు ఎవరిది? ఎంత వెతికినా ఆ పేరుతో ఏ శాస్త్రవేత్తా దొరకలేదు."

"శాస్త్రవేత్త కాదులే."

చీటీలు తనే మార్చింది. పాత పేరు కొట్టేసి, పక్కన ఎర్రమెడ పిట్ట పేరు గుండ్రంగా రాసింది.

ఇంటికి వెళ్లేసరికి భర్త వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాడు.

"ఏమైంది?"

"పిట్ట పేరు తీసేశారు." సంచి దించి, "నేనే తీసేశాను" అంది.

ఆయన కుళాయి కట్టేశాడు. వెనక్కి తిరగలేదు.

"ఇక ఎవరూ ఆ పేరుతో పిలవరా?"

"పిలవరు."

"సరే. తిందాం రా."

కూర బాగుందంది ఆవిడ. ఇంకా అన్నంలో కలుపుకోనేలేదు.

పేరు పెట్టేలోపే కన్నుమూసిన కూతురి కోసం, వాళ్లిద్దరూ అనుకున్న పేరు అది.