మందు మాన్పించే మీటింగు

"ఏం మేస్త్రీ, రోజూ తీసుకెళ్ళేదేనా?"

వైన్ షాపువాడు అడుగుతూనే సీసా తీసి కాగితం చుట్టబోయాడు. తాపీమేస్త్రి వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. బస్సు ఎక్కాలంటే ఆ షాపు ముందునుంచే పోవాలి, వేరే దారి లేదు.

"అలిగావా ఏంటి? పక్కన అమ్మగారున్నారని మొహమాటమా?"

మేస్త్రి భార్య చెయ్యి పట్టుకుని గబగబా నడిచాడు. వెనకనుంచి షాపువాడి మాట తరుముకొచ్చింది.

"ఎక్కడికి పోతాడు, పొద్దుగూకేసరికి ఆయనే వస్తాడు."

బస్సులో కూర్చున్నాక ఫోను మోగింది. కూతురు.

"నాన్నా, బయల్దేరారా?"

"దార్లో ఉన్నామమ్మా."

"పోయినసారిలా సగం దారినుంచి వెనక్కి వస్తే మాత్రం నాకు ఫోను చెయ్యొద్దు. పాపను చూస్తాం, ఎత్తుకుంటాం అని అడగనే అడగొద్దు. ఆ వాసన నా బిడ్డకి తగలనివ్వను."

"ఒక్కసారి మొహమైనా చూపించు తల్లీ."

"ముందు ఆ మీటింగుకి వెళ్ళి రండి. తర్వాత చూద్దాం."

ఫోను పెట్టేసింది. మేస్త్రి భార్య వంక చూశాడు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది. మనవరాలు ఎవరి పోలికో ఇద్దరికీ ఇంకా తెలియదు.

బస్సు దిగిన చోట వాళ్ళను ఎరిగినవాళ్ళు లేరు. అదొక్కటే ధైర్యం. మేస్త్రి మందుల షాపులో అడిగాడు.

"బాబూ, ఇక్కడెక్కడో మందు మాన్పించే మీటింగు పెడతారట."

"ఇది మందుల షాపు పెద్దాయనా. మేం వాడమంటాం గానీ మానమని ఎందుకంటాం?"

"ఈ మందు కాదు బాబూ."

షాపు కుర్రాడి నవ్వు ఆగిపోయింది. మేస్త్రిని కిందనుంచి పైదాకా చూశాడు. గోళ్ళలో ఇరుక్కున్న సిమెంటు దగ్గర ఆ చూపు కాసేపు నిలిచింది. తర్వాత ఆవిడ వైపు తిరిగి గొంతు తగ్గించాడు.

"ఆ సందులో అడగండమ్మా. మా నాన్నా ఇంతే. మా అమ్మ ఏడవని రోజు లేదు. మీకు చాలా ఓపికమ్మా."

ఆవిడ తల ఎత్తలేదు. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది.

సందు మొదట్లో ఒకామె ఊడుస్తోంది. మీటింగు మాట వినగానే చీపురు నడుముకి ఆనించి నిలబడింది. ఊడ్చే పనికన్నా ఈ పని ఆమెకు ఇష్టంలా ఉంది.

"ఏమయ్యా, చూస్తే కష్టపడే ఒళ్ళులా ఉంది. సంపాదించిందంతా గొంతులోనే పోశావా? నెత్తి నెరిశాక తెలివొచ్చిందా? ఈ మహాతల్లి నిన్ను ఇక్కడిదాకా లాక్కొచ్చిందంటే ఎంత కడుపు మండి ఉండాలి."

"అలా అనకండి అక్కా, ఆయన..." అంటూ ఆవిడ ముందుకొచ్చింది.

"చూశావా, మొగుణ్ణి అనగానే పొడుచుకొచ్చింది. ఇలా వెనకేసుకొచ్చే మొగుళ్ళని చెడగొట్టారు మనాళ్ళంతా. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదమ్మా."

"నిజమే అక్కా," అన్నాడు మేస్త్రి. "మీటింగు ఎటు?"

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. ఇంకా తిట్టాలని ఉన్నా తిట్టు దొరక్క, చీపురుతోనే మెట్లు చూపించింది.

మెట్లు ఇరుకు. సగం ఎక్కాక ఆవిడ గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

"పోదాం పదండి. దారినపోయేవాళ్ళందరి చేతా మాట పడాల్సిన ఖర్మేంటి?"

"మాట పడితే ఒంటికి చిల్లులు పడవులే."

"మీకు సిగ్గనిపించట్లేదా?"

"అనిపిస్తోంది."

"మరి?"

"పాపను ఎత్తుకోవాలనీ ఉంది."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేస్త్రి తొందరపెట్టలేదు. తడి గోడ ఆరేదాకా కూర్చున్నట్టు మెట్టు మీద కూర్చున్నాడు. పైనుంచి కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపిస్తోంది. కింద ఎవరో తలుపు వేసుకున్నారు. చివరికి ఆవిడే కాలు పైమెట్టు మీద పెట్టింది. మేస్త్రి లేచాడు.

గది గుమ్మంలో ఒక నెరిసిన గడ్డమాయన ఎదురొచ్చాడు. చేతిలో మడత కుర్చీ ఉంది. ఇద్దర్నీ చూడగానే సంగతి ఆయనకు అర్థమైపోయింది. ఇలాంటి జంటల్ని ఎందర్నో చూశాడు.

"రండి, రండి. పేరు చెప్పక్కర్లేదు, ఊరు చెప్పక్కర్లేదు. ఒక్కటే నియమం. ఇంట్లోవాళ్ళు ఈ వసారాలో కూర్చోవాలి, తాగేవాళ్ళు మాత్రమే లోపలికి."

మేస్త్రి కదల్లేదు. ఆయన దగ్గరికొచ్చి మేస్త్రి భుజం మీద చెయ్యి వేశాడు.

"భయపడకండి. నేనూ ఈ గుమ్మం దగ్గర ఇలాగే బిగుసుకుపోయినవాణ్ణే. లోపల అందరూ మీలాంటివాళ్ళే. రండి, కుర్చీ వేస్తాను."

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"నేను తెచ్చిచ్చేవాణ్ణేనండీ. కుర్చీ ఈవిడకి వెయ్యండి."