మామ్మ నడక

మామ్మ చేతికి ఉండాల్సిన పట్టీ నేల తుడుస్తున్న ఆయా చేతికి కనిపించేసరికి అమ్మాయి గుమ్మంలోనే ఆగిపోయింది.

అడుగులు లెక్కపెట్టే పట్టీ అది. వృద్ధాశ్రమంలో పెద్దవాళ్ళ చేత నడక అలవాటు చేయించే పరిశోధన కోసం, దేశం కాని దేశం వచ్చిన డిగ్రీ విద్యార్థుల జట్టుకి ఈ అమ్మాయే నాయకురాలు. అందరికంటే ఎక్కువ నడిచింది ఈ మామ్మేనని నిన్ననే ప్రొఫెసర్ దగ్గర గొప్పగా చెప్పుకుంది.

"ఎన్నాళ్ళ నుంచి సాగుతోందిది?"

ఆయా నాలిక్కరుచుకుంది. మంచం మీద మామ్మ మాత్రం తొణకలేదు.

"దాన్నేమీ అనకు తల్లీ. నేనే కట్టించాను. నా మోకాళ్ళు నన్ను లేవనివ్వడం లేదు."

"ఆ ముక్క నాతో చెప్పొచ్చుగా మామ్మా! కొంప ముంచారు కదా! ఇప్పుడు ప్రొఫెసర్‌కి నా మొహం ఎలా చూపించను?"

"చెబితే నువ్వు రావుగా."

"ఎందుకు రాను?"

మామ్మ పక్క మంచం వైపు చూసింది, అంతే.

అక్కడ ఇంకో మామ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నడవలేనివాళ్ళు లెక్కలోకి రారని, మొదటి వారంలోనే ఆవిడ పట్టీ విప్పుకుని వెళ్ళింది ఈ అమ్మాయే. ఆ తర్వాత కూడా రోజూ ఈ గదికి వచ్చింది. ఆవిడని ఒక్కసారైనా పలకరించలేదు.

అమ్మాయి కుర్చీని మెల్లగా అటు జరిపింది.

చప్పుడు విని ఆవిడ ఇటు తిరిగింది. తిరిగిందే తడవుగా ఆత్రంగా చెయ్యి చాపింది.

"ఇప్పుడు బాగానే నడుస్తున్నానమ్మా. కట్టు."