పదకొండు గంటల ఫోన్

సరిగ్గా పదకొండు గంటలకు ఫోన్ మోగింది.

"మీ పెద్దమ్మే. తీసుకో," అన్నాడు పక్క సీటతను, నవ్వాపుకుంటూ.

ఇంజినీరు నిట్టూర్చాడు. కంప్యూటర్ తెర మీదికి బొమ్మలు పంపే కార్డులు తయారుచేసే కంపెనీ అది. కార్డును నడిపే డ్రైవర్ ప్రోగ్రాం రాసింది ఇతనే. అది వేసుకున్న వాళ్ల కంప్యూటర్లేమో ఉన్నట్టుండి ఆగిపోతున్నాయి. ఆఫీసులో మాత్రం ఒక్కటంటే ఒక్కటి ఆగదు!

"బాబూ, ఇవాళా నీలం తెర వచ్చి ఆగిపోయింది. ప్రింటర్ తీసేసి చూశాను. పాపం, దాని తప్పేం లేదు."

ఆ కార్డు కొనుక్కున్న ఆవిడ దర్జీ, రోజూ ఇదే వేళకు ఫోన్ చేస్తుంది. బట్టల మీద కుట్టే పువ్వులూ లతలూ కంప్యూటర్లో గీసుకుంటుంది.

"అమ్మా, మీకు దణ్ణం పెడతాను. ఆ కార్డు పీకేసి ఇంకోటి పెట్టించుకోండి. నెలాఖరులోగా ఇదేంటో తేల్చకపోతే నా ఉద్యోగమే ఊడేలా ఉంది," అని నోరుజారాడు.

ఆవిడ ప్రింటర్ సంగతి వదిలేసింది.

"పిల్లలున్నారా?"

"పాప. మూడేళ్లు."

"సరేలే. రేపు మౌస్ మార్చి చూస్తా."

ఓరి దేవుడా, అనుకున్నాడు.

మర్నాడు మౌస్. ఆ మర్నాడు స్పీకర్లు. "కుట్టు ఎక్కడ తప్పిందో తెలియాలంటే ఒక్కో పోగూ విప్పుకుంటూ రావాలి బాబూ," అనేది. పదకొండవుతోందంటే అతని తల ప్రాణం తోకకొచ్చేది.

నెలాఖరు ఇంకో వారం ఉందనగా ఆయాసపడుతూ ఫోన్ చేసింది.

"దొరికింది బాబూ! నేను పని చేసుకుంటున్నంతసేపూ బానే ఉంటోంది. కాసేపు నడుం వాల్చి వచ్చేసరికి తెర నల్లబడి ఉంటుందా, అప్పుడు మౌస్ కదిపానో, అంతే! నాలుగుసార్లు చూశా. కునుకు తీసి లేవడం దానికి చేతకావడం లేదు."

అతను గభాలున లేచి నిలబడ్డాడు. ఆఫీసులో కంప్యూటర్లను కునుకు తియ్యనిస్తేగా! పగలూ రాత్రీ పరీక్షలతో పరుగులు పెట్టించడమే.

మూడు రోజులు తల వంచుకుని పని చేశాడు. తప్పు దొరికింది. మేనేజరు పిలిచి భుజం తట్టాడు. ఉద్యోగం నిలబడింది.

సరిచేసిన డ్రైవర్ మొట్టమొదట ఆవిడకే పంపాలనుకున్నాడు. అప్పుడు తట్టింది, మూడు రోజులుగా ఫోన్ రాలేదని.

తనే చేశాడు. ఆవిడ కూతురు తీసింది.

"అమ్మ మొన్న పోయిందండీ."

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆవిడ కంప్యూటర్... బాగుచేద్దామనీ..." అన్నాడు ఎలాగో.

"ఓ, ఆ బాబు మీరేనా?" అందామె. "నెల కిందటే అమ్మకు కొత్తది కొనిచ్చానండీ. పాతది తీసేస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు. చంటిపిల్ల తండ్రి, ఉద్యోగం పోతే ఎట్లా అంటూ, రోజూ మంచం మీంచి లేచి మీ కోసమే దాని ముందు కూర్చునేది."